రైలుబల్లకు అవతలి వైపు

ధనుర్మాసంలో కొత్త సినిమాకు కొబ్బరికాయ కొట్టరు. ఆ నెల రోజులూ ఫిలింనగర్‌లో సెట్టు పనివాళ్ళకు పని ఉండదు. మా నాన్న బసవపున్నయ్య ముప్ఫై ఏళ్ళు సెట్లు కట్టాడు. మొదట మద్రాసులో, తర్వాత ఇక్కడ. ఏటా ఆ నెలలో ఆయన రైలుబల్ల పని పెట్టుకునేవాడు.

రైలుబల్ల అంటే పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల. దాని మీద పట్టాలు, ఒక స్టేషను, వాగు మీద వంతెన, సగం కొండ. ఇంజనూ నాలుగు పెట్టెలూ జర్మనీవి. ఒక సినిమాలో రైలు లోయలో పడే షాటు కోసం నిర్మాత తెప్పించాడు. షాటు అయ్యాక నాన్న అడిగి తెచ్చుకున్నాడు. మిగతాదంతా ఆయన చేతి పని. పట్టాల కింద కంకర, జూబ్లీహిల్స్‌లో ఇళ్ళ కోసం బండలు పగలగొట్టేచోట ఎత్తుకొచ్చి జల్లించిన రాతిపొడి. చెట్లు బీరపీచు. కొండ లోపల ఉన్నవి నేను పనిచేసే పత్రికాఫీసులోని పాత పేపర్లు.

వానాకాలం ప్లాస్టరు ఆరదు. ఎండాకాలం డాబా మీది రేకుల గదిలో మనిషి నిలవలేడు. కాబట్టి ఆ బల్లకు పని రోజులు చలికాలమే. డిసెంబరు మొదట్లో నాన్న నోటు పుస్తకం తీసి ఆ చలికాలం చెయ్యాల్సిన పనులు వరసగా రాసేవాడు. సగం అయ్యేవి. మిగతావి మరుసటి ఏడు జాబితాలో పైకెక్కేవి.

1995లో డిసెంబరు సగం గడిచినా ఆయన ఆ పుస్తకం తియ్యలేదు.

ఆగస్టులో మా చెల్లెలు నాగేశ్వరి సెట్టు మీంచి పడింది. నాగు గ్రూపు డాన్సరు. పాట షూటింగు. రాజమహలు మెట్లు, పై మెట్టు పన్నెండడుగుల ఎత్తు. ఎనిమిదో లెక్కకు పై వరసలో అమ్మాయిలు రెండడుగులు వెనక్కి వెయ్యాలి. రెండో అడుగు పడే చోట వెనక పలక లేదు. మిగతా అమ్మాయిలు ఒక్క అడుగు వేసి ఆగారు. నాగు రెండూ వేసింది. తొడ ఎముక విరిగింది. కడ్డీ వేశారు. మా పేపర్లో ‘నర్తకికి స్వల్ప గాయాలు’ అని మూడు లైన్లు వచ్చింది. రాసింది నేను కాదు. సిటీ వార్తలు రాసేదాన్నే అయినా ఆ రోజు నేను ఆసుపత్రిలో ఉన్నాను.

ఆ సెట్టు కట్టింది నాన్న.

డిసెంబరు మొదటి వారంలో డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక అతుక్కుందన్నాడు. ఇక రోజూ వాకరు పట్టుకుని నడవాలని, సంక్రాంతి దాకా మంచం మీదే ఉంటే కండ బిగిసిపోతుందని, తర్వాత తను చెయ్యగలిగింది ఏమీ ఉండదని చెప్పాడు. వాకరు తెచ్చాం. నాగు మంచం దిగలేదు. మా ఇంట్లో వంట చేసే దేవమ్మ ఆ వాకరు మీద తువ్వాళ్ళు ఆరేసేది.

నాగు నాతో మాట్లాడేది, దేవమ్మతో మాట్లాడేది. నాన్నతో మాట్లాడలేదు. ఆయనా కదిలించలేదు. అమ్మ పోయి ఆరేళ్ళయింది, మధ్యలో నిలబడి మాట కలపడానికి ఆవిడా లేదు. నాన్న అన్నం పళ్ళెం తెచ్చి స్టూలు మీద పెట్టేవాడు. కాసేపటికి వచ్చి తీసుకెళ్ళేవాడు. పని మానేశాడు. రెండు సినిమాలవాళ్ళు వచ్చి అడిగితే పంపేశాడు.

డిసెంబరు పదిహేనున మూడోది వచ్చింది. ప్రొడక్షన్ మేనేజరు సత్యనారాయణమూర్తి శ్రీనగర్ కాలనీ ఆఫీసు నుంచి స్వయంగా వచ్చి, రైల్వేస్టేషను సెట్టనీ, ప్లాట్‌ఫారమూ, పైన నడిచే వంతెనా అన్నీ కట్టాలనీ, మాఘమాసంలో మొదలనీ చెప్పాడు. నాన్న చెయ్యనన్నాడు. మూర్తి వాదించలేదు. ధనుర్మాసం వెళ్ళేలోపు, జనవరి పన్నెండున మళ్ళీ వస్తానని, అప్పుడు కూడా ఇదే మాటయితే వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని చెప్పి వెళ్ళాడు. నాన్న దగ్గర మేస్త్రీగా చేసే వీరయ్య గేటు దగ్గర నన్ను ఆపాడు. పద్నాలుగుమంది ఎదురు చూస్తున్నారని, ఈసారీ కాదంటే తలా ఒక దిక్కు చూసుకుంటారని, ఇక ఆ జట్టు మళ్ళీ కలవదని చెప్పాడు. నాన్నతో చెప్పమన్నాడు. నేను చెప్పాను. ఆయన విన్నాడు.

మర్నాడు వీరయ్యనూ మరో ఇద్దరినీ పిలిపించి రైలుబల్లను డాబా మీంచి హాల్లోకి దింపించాడు. ఎందుకని అడిగితే పైన చలిగా ఉందన్నాడు. నాగు మంచం హాల్లోనే, కిటికీ పక్కన ఉంది. బల్ల మంచానికీ వీధి తలుపుకూ మధ్య పట్టింది.

ఆదివారం బెన్‌హర్ మాస్టారు వచ్చాడు. ఆయన స్టేషన్ మాస్టరుగా రిటైరై మధురానగర్‌లో ఉంటున్నాడు. చలికాలం ప్రతి ఆదివారం చర్చి అయ్యాక స్కూటరేసుకుని నేరుగా మా ఇంటికొచ్చి రైలుబల్లలో తప్పులు పట్టేవాడు. ఆ రోజు నోటు పుస్తకం ఆయనే తెరిచాడు. నాన్న చెబుతుంటే రాశాడు. రెండో లైను. లూప్ లైను కలిసేచోట రైలును దారి మళ్ళించే కాటా మార్చడం. సిగ్నళ్ళకు దీపాలు. ప్లాట్‌ఫారం మీద రేకుల షెడ్డు. మిగిలిన సగం కొండ. నడిచే వంతెన.

“ఆరు పనులు. నువ్వు మూడు చేస్తావు” అన్నాడు మాస్టారు. “ముందు కాటా మార్చు. పోయినేడు నీ మెయిలు ఆరుసార్లు పట్టాలు తప్పింది. నా సర్వీసు మొత్తంలో ఒక్కసారి తప్పలేదు.”

“మీ మెయిలు మీ స్టేషన్లో ఆగేది కాదుగా మాస్టారూ.”

“ఆగేది. రెండు నిమిషాలు.”

నాగు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆ మాటలకు భుజం కదిలింది. నవ్విందనుకున్నాను.

పది రోజులు నాన్న పట్టాల మీద పని చేశాడు. కాటా మార్చాడు. రెండో లైను సగం వేశాడు. రైలు తలుపు వైపు నుంచి బయల్దేరి స్టేషను ముందుకు వచ్చి ఆగేది. నాన్న తలుపు వైపు స్టూలు మీద కూర్చుని చూసేవాడు. నేనూ ఆఫీసు నుంచి రాగానే అక్కడే నిలబడి చూసేదాన్ని. ఇంటికి వచ్చినవాళ్ళూ అంతే.

క్రిస్మస్ తర్వాత రెండు రోజులకు దేవమ్మ నాగు మంచం దుప్పటి మారుస్తూ ఆగింది. మంచం దగ్గర వంగి నాగు తల ఉన్న ఎత్తు నుంచి బల్ల వైపు చూసింది.

“గీ ఇండ్లకు ఎనకాల గోడల్లేవేంది సారూ?” అంది.

నాన్న అర్థం కానట్టు చూశాడు.

“ముంగటికెల్లి మంచిగనే ఉన్నది. గీడికెల్లి చూస్తే ఒక్క గోడ లేదు. అన్నీ కట్టెలు, మొలలు. పది దినాల సంది ఆ పిల్ల మొలలు లెక్కవెట్టుకుంట పండుకున్నది. జర ఇటొచ్చి చూడుండ్రి.”

నాన్న లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. నేనూ వెళ్ళాను. స్టేషను వెనక ఏటవాలుగా కొట్టిన కర్రలు ఉన్నాయి. టిక్కెట్ల గది వెనక ప్లైవుడ్ మీద కంపెనీ ముద్ర తలకిందులుగా ఉంది. కొండకు అటువైపు గోనెపట్టా, మా పేపరు హెడ్డింగు ఒకటి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన కెమెరా చూసేవైపే కట్టాడు. అటువైపు కట్టేవాళ్ళు సినిమాల్లో ఎవరూ లేరు. ఇంట్లో పెట్టుకున్న బల్లకూ అలాగే కట్టాడు. బల్లను హాల్లో పెట్టినప్పుడు దాని ముఖం తలుపు వైపు పెట్టాడు. వేరేలా పెట్టొచ్చని నాకూ తోచలేదు.

బల్లను తిప్పడానికి హాల్లో చోటు లేదు. ఆ సాయంత్రం నాన్న ఇక పని చెయ్యలేదు.

మర్నాడు పొద్దున నోటు పుస్తకం నాగు స్టూలు మీద ఉంది. ఎవరు పెట్టారో నేను చూడలేదు. నేను ఆఫీసుకు వెళ్ళేటప్పటికి ఆరో పని కింద ఏడోది పెన్సిలుతో రాసి ఉంది. అక్షరాలు నాగువి. ‘స్టేషను వెనక వైపు.’

ఆ ఏడో పని నాన్నకు చేతకాలేదు. మద్రాసులో ఒకటి, ఇక్కడ మూడు స్టేషన్లు కట్టిన మనిషి. స్టేషను వెనక ఏముంటుందో ఎప్పుడూ గీయలేదు. కాగితం మీద ఒక గోడ గీశాడు, రెండు కిటికీలు పెట్టాడు, కొట్టేశాడు. ఆదివారం మాస్టారు కేకు డబ్బాతో వచ్చినప్పుడు ఆ కాగితం చూపించి అడిగాడు. మాస్టారు కాగితం చూడకుండా మంచం వైపు నడిచి నాగు పక్కన కుర్చీ వేసుకుని అక్కణ్ణుంచి చూశాడు.

“ఏవయ్యా బసవపున్నయ్యా, ఇది వెనకని నీకెవరు చెప్పారు? ఇది ఊరి వైపు. ఊళ్ళోవాళ్ళు వచ్చేది ఇటునుంచే. పొద్దున్నే నేను డ్యూటీకి వచ్చేదీ ఇటునుంచే. స్టేషనుకు ముందు ఇదే. నువ్వు కట్టిందే వెనక.”

తర్వాత అరగంట సేపు ఆ వైపు ఏముంటుందో చెప్పాడు. మెట్లు మూడు. పార్సిల్ ఆఫీసుకు విడిగా తలుపు. గంట వేలాడే కొక్కెం. కుళాయి, దాని కింద నాచు పట్టిన గచ్చు. సైకిళ్ళ స్టాండు. టీకొట్టు. రిక్షాలు నిలబడే వేపచెట్టు. నాన్న రాసుకున్నాడు. టీకొట్టు కుళాయికి ఏ పక్కన ఉండేదని నాగు అడిగింది. మాస్టారు ఎడమ పక్కన అన్నాడు. నాన్న అదీ రాసుకున్నాడు.

జనవరి మొదటి వారం ఇద్దరూ ఆ వైపే పని చేశారు. నాన్న గోడ కోసి నిలబెట్టాడు. నాగు మంచం మీద కూర్చుని, ఒళ్ళో పీట పెట్టుకుని చిన్నవి చేసింది. అగ్గిపుల్లలతో సైకిలు స్టాండు, రీఫిల్ ముక్కతో కుళాయి, రాగితీగతో మనుషులు. ఇద్దరి మధ్యా మాటలు లేవు. కావాల్సినవి దేవమ్మ ద్వారా అడిగేవారు. రాగితీగ అయిపోతే నాగు దేవమ్మకు చెప్పేది. రెండడుగుల దూరంలో ఉన్న నాన్న దేవమ్మ చెప్పేదాకా ఆగి, తర్వాత లేచి తెచ్చేవాడు. దేవమ్మకు విసుగొచ్చింది. నేను టెలిఫోను స్తంభాన్నా అని నన్నడిగింది.

నాగు ఆటో కూడా చేసి వేపచెట్టు కింద పెట్టింది. ఏడో తారీఖు ఆదివారం మాస్టారు దాన్ని పట్టేశాడు.

“ఇది నలభై ఏళ్ళ కిందటి స్టేషనమ్మా. ఆటో ఎక్కడిది?”

“మీ రైలు జర్మనీ నుంచి వచ్చింది కదంకుల్. మా ఆటో యూసుఫ్‌గూడ నుంచి రాకూడదా?”

మాస్టారు ఆటోను అక్కడే ఉంచాడు. కొంచెం జరిపాడు, రిక్షాలకు అడ్డం రాకుండా.

పదో తారీఖు నాకు సెలవు. మధ్యాహ్నం హాల్లో కూర్చుని నీళ్ళ ట్యాంకర్ల మీద వార్త రాసుకుంటున్నాను. నాన్న నడిచే వంతెన తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది జాబితాలో ఆరో పని. తలుపు వైపు నుంచి ఎక్కి పట్టాలు దాటి ఊరి వైపు దిగే వంతెన. విడిగా చేసి రెండు రోజులు ఆరబెట్టాడు. ఊరి వైపు కొసకు జిగురు రాసి నిలబెట్టాడు. పైన మెట్లు మొదలయ్యే చోట చదరపు అరుగు ఉంది.

“వెనక కమ్మీ లేదు నాన్నా” అంది నాగు.

నేను రాయడం ఆపాను. నాన్న వంతెన వైపు చూశాడు. నాగు చెప్పిన చోట, అరుగుకు మంచం వైపు అంచున, మనిషి పడకుండా ఆపే కమ్మీ లేదు. తలుపు వైపు నుంచి చూసేవాళ్ళకు కనిపించే కమ్మీలన్నీ ఉన్నాయి.

“ఆ రోజు ఆ పలక తీయించింది నేనేనమ్మా” అన్నాడు. “కింద కెమెరా ట్రాలీకి కావాలన్నారు. భోజనాల టైములో వీరయ్యతో తీయించేశాను. పైన పిల్లలకు చెప్పమని డాన్సు అసిస్టెంటుతో అన్నాను. చెప్పాడో లేదో చూళ్ళేదు.”

“చెప్పాడు.”

నాన్న తలెత్తాడు.

“చెప్పాడు నాన్నా. నువ్వు వీరయ్యతో తియ్యమనడం కూడా విన్నా. మూడు రోజులు ఆ పలకతోనే రిహార్సల్ చేశాం. మ్యూజిక్ వచ్చేసరికి కాలు దానంతటదే వెళ్ళిపోయింది.” వంతెన వైపే చూస్తూ, “సెట్లు కట్టే మనిషి కూతురయ్యుండి చూసుకోలేదని అందరూ అంటున్నారు కదా. నువ్వూ అదే అనుకుంటున్నావనుకున్నా” అంది.

నాన్న జిగురు చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

“చెబితే చాలదమ్మా. అక్కడ కమ్మీ ఉండాలి” అన్నాడు. తర్వాత, “జిగురు ఆరిపోతోంది. ఆ కొస పట్టుకో” అన్నాడు.

ఆ కొస మంచం మీదినుంచి అందదు. నాగు ఎడమకాలు కిందికి దించింది. కడ్డీ ఉన్న కుడికాలు చేత్తో పట్టుకుని దించింది. బల్ల అంచు పట్టుకుని లేచి, వంతెన కొస పట్టుకుంది. నాన్న అవతలి కొస సరిచేస్తూ ఆమె కాళ్ళ వైపు చూడలేదు. జిగురు పట్టడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. నేను గడియారం చూశాను. మూడు నిమిషాలకు ఆమె కాలు వణకడం మొదలైంది. నాలుగో నిమిషం దాకా నిలబడింది.

మర్నాడు దేవమ్మ తువ్వాళ్ళు వేరేచోట ఆరేసింది.

పన్నెండున సత్యనారాయణమూర్తి వచ్చాడు. రైలుబల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. నాన్న సెట్టు కడతానన్నాడు, ఒక షరతు మీద. ఎత్తు మీద మనుషులు నిలబడే ప్రతిచోటా వెనక పలకా కమ్మీ ఉంటాయి. షాటుకు అడ్డమొచ్చినా తియ్యడు. కెమెరాను జరుపుకోవాలి.

“కెమెరాకి కనపడని చోట కమ్మీ ఎందుకండీ?” అన్నాడు మూర్తి. “నాలుగు రోజుల పని పెరుగుతుంది.”

“పైన నిలబడేవాళ్ళకి కనపడుతుంది.”

మూర్తి నాగు వైపు చూశాడు. ఆమె వాకరు పట్టుకుని కిటికీ నుంచి వంటింటి దాకా నడుస్తోంది, పళ్ళు బిగించి. డైరెక్టరును అడగాలి, తన చేతుల్లో లేదు అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. మర్నాడు ఫోను రాలేదు. పండగ మూడు రోజులూ రాలేదు. వీరయ్య రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడి నన్ను చూసి తల ఎగరేసేవాడు, నేను లేదన్నట్టు ఊపేదాన్ని. నాన్న ఫోను దగ్గరకు వెళ్ళలేదు. సిగ్నళ్ళకు దీపాలు పెడుతూ కూర్చున్నాడు. పదిహేడో తారీఖు మధ్యాహ్నం మూర్తి ఫోను చేశాడు. డైరెక్టరు ముందు ఒప్పుకోలేదని, రెండు రోజులు వాదించాక ఒప్పుకున్నాడని, సంతోషంగా మాత్రం ఒప్పుకోలేదని చెప్పాడు. సంతోషం అక్కర్లేదన్నాడు నాన్న.

ఆ చలికాలం ఏడు పనుల్లో నాలుగయ్యాయి. మాస్టారు తన లెక్క తప్పినందుకు నొచ్చుకున్నాడు. కొండ సగంలోనే ఉంది.

స్టేషను సెట్టు ఫిబ్రవరి ఆఖరుకు పూర్తయింది. మొదటి పాట తీసే రోజు నాగు వస్తానంది. అప్పటికి వాకరు పోయి చేతికర్ర వచ్చింది. డాన్సు మళ్ళీ చెయ్యగలదో లేదో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు. నేను రాసే వార్త ఏదీ లేకపోయినా వెంట వెళ్ళాను. వంతెన పద్నాలుగడుగుల ఎత్తు. కింద పన్నెండుమంది అమ్మాయిలు గజ్జెలు కట్టుకుంటున్నారు. వాళ్ళలో నలుగురు నాగుతో పాటు ఆగస్టులో ఆ మెట్ల మీద ఉన్నవాళ్ళు. వచ్చి చుట్టూ మూగారు. నాగు వాళ్ళతో మాట్లాడి, కర్ర నా చేతికిచ్చి, కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కింది. పైకి చేరడానికి ఆరు నిమిషాలు పట్టింది. అసిస్టెంటు డైరెక్టరు కింద నిలబడి ఆవిడెవరని అడిగాడు. అమ్మాయిలు గజ్జెలు వదిలి పైకి చూస్తున్నారు.

పైన ఆమె వెనక కమ్మీని ఈ చివరి నుంచి ఆ చివరికి పట్టి ఊపుకుంటూ వెళ్ళింది. నాలుగో గుంజ దగ్గర ఆగింది. రెండోసారి ఊపింది.

“వీరయ్యా, ఇది కదుల్తోంది” అంది.

వీరయ్య షాటు అయ్యాక చూస్తానన్నాడు. లైట్లు వేసేశారు.

“ఇప్పుడే” అంది నాగు. మెట్లకు అడ్డంగా కూర్చుంది.

డాన్సు అమ్మాయిలు కింద ఆగారు. వీరయ్య మేకులకు పరిగెత్తాడు. డైరెక్టరు నాన్న వైపు చూశాడు. నాన్న లైట్లు ఆర్పమని చెప్పి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ షాటు ఇరవై రెండు నిమిషాలు ఆలస్యంగా తీశారు.